పాత కారు సీటు కింద ఏముంది?

పశ్చిమ బెంగాల్‌లోని ఉత్తర్‌పారాలో 2014 వరకు తయారైన అంబాసిడర్ ఒకటి మీ తాతగారి షెడ్డులో ఉందనుకోండి. సీటు రెక్సిన్ పెళుసుబారి చిట్లింది. ఎందుకు?

రెక్సిన్ అంటే బట్టపై పూసిన పి.వి.సి. ఇంట్లోని నీటి గొట్టమూ పి.వి.సి.యే. మరి ఒకటి గట్టిగా, మరొకటి మెత్తగా ఎందుకున్నాయి? మెత్తనిదానిలో ప్లాస్టిసైజర్ అనే జిడ్డు ద్రవం కలుపుతారు. అది పొడవైన అణువుల మధ్య చేరి, అవి సులువుగా కదిలేలా చేస్తుంది. ఎండకు కారు వేడెక్కినప్పుడల్లా ఈ ద్రవం కొద్దికొద్దిగా ఆవిరవుతుంది. అద్దాలకు లోపలివైపు పట్టే జిడ్డు పొరలో కొంత ఇదే. పెట్రోలుతో తుడిస్తే మిగిలినదీ పోతుంది, నిప్పు ప్రమాదం సరేసరి. సబ్బునీరు చాలు. చిట్లినదాన్ని మాత్రం మార్చవలసిందే.

అయితే అసలు పని మ్యాట్ల కింద ఉంది. చాలామంది కొత్త రెక్సిన్ రంగు ఎంచుకోవడంతో మొదలుపెడతారు. (నేనూ అలాగే చేసి, కుట్టించిన సీట్లను మళ్ళీ విప్పాను.) అద్దాల రబ్బరు బీడింగ్ నుండి కారిన వాననీటిని మ్యాట్ కింది దళసరి పొర రోజుల తరబడి పట్టి ఉంచుతుంది. ఇనుము, నీరు, ఆక్సిజన్ కలిస్తే తుప్పు. అది ఇనుముకంటే ఎక్కువ చోటు ఆక్రమిస్తుంది కనుక పెయింటు బుడగలా ఉబ్బుతుంది. ఆ ఉబ్బును స్క్రూడ్రైవరుతో పొడిచి చూడండి. గట్టిగా ఉంటే ఎమరీ కాగితంతో తుప్పంతా గీకి, అదే రోజు ప్రైమర్ వేయండి. లోపలికి దిగబడితే ఆ రేకు కోయించి వెల్డింగ్ చేయించాలి. అది ఇంట్లో చేసే పని కాదు. సీటు బిగించేది ఆ అడుగు రేకుకే. అది పుచ్చిపోతే, కారు దేనినైనా ఢీకొన్నప్పుడు సీటు ఊడి మనిషితోపాటు ముందుకు దూసుకుపోవచ్చు.

బీడింగ్ మార్చాక ఒకరు లోపల కూర్చోండి, మరొకరు పైనుండి బకెట్ నీళ్ళు పోయండి. చుక్క కూడా రాకపోతే అప్పుడు సీట్లు కుట్టేవారిని పిలవండి.