గేటు లేని ఫ్యాక్టరీ ధర్మవరం

తనకల్లులో రైలెక్కి కదిరి, ముదిగుబ్బ దాటితే ధర్మవరం. తనకల్లులో వేరుశనగ విత్తిన రైతు వాన కోసం మొగులు వైపు చూస్తుంటాడు. అదే ముసురు ధర్మవరంలో నాలుగు రోజులు పట్టిందంటే నేతగాడికి దిగులు. మగ్గం గుంటలోకి చెమ్మ దిగుతుంది, నిలువు పోగుల పడుగు సడలుతుంది, చీర ముందుకు సాగదు.

2011 జనాభా లెక్కల్లో ఈ పట్టణ జనాభా దాదాపు 1.22 లక్షలు. ఇక్కడి పరిశ్రమకు గేటు లేదు, సైరన్ లేదు. చాలామందికి ఇంట్లో ముందు గదే కార్ఖానా. తొగట, పద్మశాలి కుటుంబాల కులవృత్తి నేత. వర్షాధార సేద్యంలో దెబ్బతిన్న ఇతర కులాలవాళ్లూ తర్వాత ఈ మగ్గాల మీదే బతుకు వెతుక్కున్నారు.

ఒక పడుగు అయిపోతే కొత్తది అతకాలి. వేల పోగులు. వేళ్లకు బూడిద అద్దుకుని పాత పోగు కొసకు కొత్త పోగు కొస చేర్చి మెలిపెడతారు. ఒకటి తప్పితే చీర పొడవునా గీత పడుతుంది. కండెలు చుట్టడం, తెగిన పోగులు ముడేయడం చాలా ఇళ్లలో ఆడవాళ్ల పని. కూలి మాత్రం చీర లెక్కన, నేసినవాడి చేతికే. ఆమె పనికి విడిగా పైసా లేదు. నన్ను అన్నింటికన్నా బాధించేది ఇదే.

ఇక్కడ నేసేది పట్టుచీరలు. ఆ పట్టు ధర ఈ ఊరి చేతిలో లేదు. 2011 కేంద్ర బడ్జెట్ ముడిపట్టు దిగుమతి సుంకాన్ని 30 నుంచి 5 శాతానికి తగ్గించింది. చైనా పట్టు చౌకయింది, ఇక్కడ గూళ్ల ధర పడిపోయింది. నేతగాడికి ఊరటనిచ్చే ధరే మల్బరీ రైతును ముంచుతుంది. ఇద్దరూ ఈ రాయలసీమవాళ్లే.

మరమగ్గం దెబ్బ ఇంకా పెద్దది. చేనేతకు కొన్ని రకాలను ప్రత్యేకిస్తూ 1985లోనే చట్టం వచ్చింది, చీరలూ అందులో ఉన్నాయి. అయినా మరమగ్గం చీర చేనేత పేరుతో అమ్ముడుపోతూనే ఉంది. నేతగాళ్లను ఆదుకోవడానికి రాష్ట్ర ప్రభుత్వం తెచ్చిన నేతన్న నేస్తం పథకం 2019 డిసెంబరు 21న మొదలైంది ధర్మవరంలోనే. అప్పట్లో సొంత మగ్గమున్న కుటుంబానికి ఏడాదికి రూ.24 వేలు ఇచ్చేవారు. షావుకారు షెడ్డులో కూలికి నేసేవాడికి మాత్రం అందులో చోటు దొరకలేదు. ఇకముందు ఏ పథకం వచ్చినా లెక్క మగ్గంతో కాకుండా మనుషులతో మొదలవ్వాలి. కండెలు చుట్టే ఆడమనిషికీ తన పేరున నేత కార్మికురాలి కార్డు ఇవ్వాలి.