తోటమాలి విద్య

నగరవాసులమైన మనకు ఉద్యానవనమనగా సాయంకాలపు వాహ్యాళియే. కార్యాలయముల నుండి వచ్చి, చెట్లక్రింద నాలుగడుగులు నడచి, లోకవ్యవహారములు చర్చించి ఇల్లు చేరుదుము. మన రాకకు ముందే ఆ తోటలో ఒక దీర్ఘమైన పనిదినము ముగిసినదను సంగతి మన తలంపునకు రాదు.

బెంగుళూరి లాల్‌బాగు విస్తీర్ణము 240 ఎకరములు. 1760లో హైదరాలీ దానిని నాటించెను. అందలి గాజుమేడ 1889 నాటిది. ఆశ్వయుజమున నొక ఉదయము, అచ్చట పని నేర్చుకొనుచున్న యువకు నొకనిని చూచితిని. మామిడితోటలకు పేరుగన్న శ్రీనివాసపురపు సీమవాడు. ఇంట తెలుగు, బడిలో కన్నడము.

తెల్లవారగనే అతని చేతికి చీపురు వచ్చును. రాత్రి వానకు రాలిన ఆకులను పోగుచేసి ఎరువుగుంటకు చేర్చును. వానిని తగులబెట్టరాదు, నేటి ఆకు వచ్చే యేటి మన్ను. పిదప నారు పని. జనవరి పుష్పప్రదర్శనమున పూయవలసిన సాల్వియా, పెటూనియాలు అక్టోబరులోనే మొలకెత్తవలెను. ఎఱ్ఱమన్ను, ఇసుక, ఆకుటెరువు జల్లించి కలిపి మూకుళ్లలో నింపును. పెటూనియా విత్తు ధూళివంటిది. సన్నని ఇసుకతో కలిపి చల్లనిచో ఒకచోటనే గుంపుగా మొలచును. పైనుండి నీరు పోసిన కొట్టుకొనిపోవును. కావున మూకుటిని నీటిలో నిలిపి, అడుగునుండి తడి పైకెక్కు వరకు వేచియుండవలెను.

ముందటి వారము ఈ యువకుడు అత్యుత్సాహముతో నీరెక్కువ పెట్టెను. నారుకుళ్లు సోకి, ఒక్క రాత్రిలో మూకుడంతయు వాలిపోయెను. వృద్ధుడైన మాలి కోపపడలేదు. “మొక్కను చూసి నీళ్లు పోయొద్దు నాయనా, మట్టిని ముట్టి చూసి పొయ్యి” అని మరల విత్తించెను. న్యాయస్థానములలో వాయిదాలు గలవు. విత్తనమునకు వాయిదా లేదు. పోయిన వారము పోయినదే.

మధ్యాహ్నము పాదులు త్రవ్వి, కాలువలు సవరించి, సాయంకాలము మబ్బు పట్టగనే మూకుళ్లను చూరుక్రిందికి చేర్చుటతో అతని దినము ముగిసెను. “చదువుకొని గునపము పట్టితివా అని మావారు నవ్వుచున్నారండీ” అని అతడు నాతో చెప్పెను. ఆ మాట అతని బంధువులదే కాదు, మనదియు. మన కుమారుడు ఈ విద్యకు పోయెదనన్నచో మనలో నెందరము సంతోషింతుము?

1908లో మైసూరు కొలువునకు వచ్చి, బెంగుళూరి వీథులను పూలచెట్లతో నింపిన క్రుంబీగల్ జర్మనీ తోటలలోను, లండనులోని క్యూ తోటలోను చేతులకు మన్నంటించుకొని ఈ పని నేర్చినవాడే. ఆయన నీడను ఇంతకాలము అనుభవించినవారము, ఆ విద్యను నేర్చువానిని చూచి నవ్వుట కృతజ్ఞత కాదు.

నేను వచ్చునప్పటికి రెండవమారు చల్లిన విత్తులు మొలచుచుండెను. అతడు వ్రేలితో మట్టిని ముట్టి చూచి, నీరు పెట్టక ఊరకుండెను.