మానింగ్ సెకండ్ ఇన్నింగ్స్: అపోహలు – వాస్తవాలు

అమెరికన్ ఫుట్‌బాల్‌లో బంతిని ఎక్కువగా చేత్తోనే ఆడతారు. దాడి మొదలైన దాదాపు ప్రతిసారీ బంతి క్వార్టర్‌బ్యాక్ చేతికి వస్తుంది. ఎవరికి విసరాలో, ఎవరికి అందించాలో రెండు మూడు సెకన్లలో తేల్చాల్సింది అతనే. ఆ స్థానంలో పేటన్ మానింగ్ 1998 నుంచి 2010 దాకా ఇండియానాపొలిస్ కోల్ట్స్ తరఫున లీగ్ దశలో ఒక్కటీ వదలకుండా వరుసగా 208 మ్యాచ్‌లు మొదలుపెట్టాడు. మెడ ఆపరేషన్లతో 2011 సీజన్ మొత్తం పోయింది. 2012లో డెన్వర్ బ్రాంకోస్ జెర్సీలో తిరిగొచ్చి, నాలుగో సీజన్ చివర లీగ్ ఫైనల్ అయిన సూపర్ బౌల్ గెలిచి రిటైరయ్యాడు. వినడానికి సినిమా కథలా ఉంటుంది. అందుకేనేమో, దాని చుట్టూ కల్పనలూ బాగానే అల్లుకున్నాయి.

అపోహ: వయసైపోయిందని కోల్ట్స్ వదిలించుకుంది.

వాస్తవం: వయసొక్కటే కాదు, లెక్కలూ చూసుకుంది. మానింగ్ లేని 2011లో ఆ జట్టు 16 మ్యాచ్‌లకు గెలిచింది రెండే. అట్టడుగున నిలిచిన జట్టుగా కొత్త ఆటగాళ్ల డ్రాఫ్ట్‌లో మొదటి ఎంపిక దానికే దక్కింది. స్టాన్‌ఫర్డ్ కుర్రాడు ఆండ్రూ లక్ అప్పటికే అందరి కళ్లలో ఉన్నాడు. మానింగ్‌ను ఉంచుకుంటే మాత్రం మార్చిలో 2.8 కోట్ల డాలర్ల బోనస్ కట్టాలి. 2012 మార్చి 7న విడిపోయారు. తీసుకున్న బ్రాంకోస్ కూడా గుడ్డిగా నమ్మలేదు. ఐదేళ్లకు 9.6 కోట్ల డాలర్ల ఒప్పందం కుదుర్చుకున్నా, తర్వాతి సీజన్ల సొమ్ముకు వైద్య పరీక్షలో నెగ్గాలనే షరతు పెట్టింది.

అపోహ: ఆపరేషన్‌తో చెయ్యి మునుపటిలా అయిపోయింది.

వాస్తవం: కాలేదు. మెడ దగ్గర నరం దెబ్బతిని, కుడిచేతి ట్రైసెప్స్ కండరం బలం కోల్పోయింది. 2011లో డెన్వర్‌లో బేస్‌బాల్ ఆటగాడు టాడ్ హెల్టన్‌తో ప్రాక్టీసు చేస్తుంటే బంతి మధ్యలోనే నేలకు పడింది. వేళాకోళానికి అలా విసిరాడని హెల్టన్ అనుకున్నాడు! ఆ సెప్టెంబరులో మెడ ఎముకలను అతికే శస్త్రచికిత్స జరిగాక, కాలేజీనాటి కోచ్ డేవిడ్ కట్‌క్లిఫ్ దగ్గరికి డ్యూక్ యూనివర్సిటీకి వెళ్లి, విసరడం మొదటి నుంచీ నేర్చుకున్నాడు. వేళ్ల కొసల స్పర్శ పూర్తిగా తిరిగి రాలేదు. అందుకే బంతి పట్టు కోసం కుడిచేతికి గ్లవ్ తొడుక్కోవడం మొదలుపెట్టాడు.

అపోహ: చేతి బలం తగ్గితే క్వార్టర్‌బ్యాక్ పని అయిపోయినట్టే.

వాస్తవం: వేగం తగ్గిన పేసర్ లైన్, లెంగ్త్‌తో వికెట్లు తీసినట్టు, మానింగ్ ఎదుటి జట్టును చదివి నెగ్గుకొచ్చాడు. డిఫెన్స్ ఎలా నిలబడిందో చూసి, బంతి కదలకముందే “ఒమాహా” వంటి సంకేతపదాలతో ఎత్తుగడ సర్దేవాడు. పాసు అందుకునే రిసీవర్ చేరబోయే చోటికి బంతిని ముందే వదిలేవాడు. 37 ఏళ్ల వయసులో, 2013 సీజన్‌లో 55 టచ్‌డౌన్ పాసులు, 5,477 గజాలతో రెండు రికార్డులు నెలకొల్పి, ఐదోసారి ఎంవీపీ (సీజన్ అత్యంత విలువైన ఆటగాడు) అయ్యాడు. అందుకునేవాళ్లూ దీటైనవాళ్లే: డెమారియస్ థామస్, జూలియస్ థామస్, ఎరిక్ డెకర్, వెస్ వెల్కర్ తలా పది టచ్‌డౌన్లకు తగ్గలేదు.

అపోహ: తిరిగొచ్చినప్పటి నుంచీ గెలుపుల పంటే.

వాస్తవం: 2012లో మొదటి ఐదు మ్యాచ్‌లలో మూడు ఓడారు. ఆరోదైన శాన్ డియేగో మ్యాచ్‌లో సగం ఆటకు 0–24తో వెనకబడి, చివరికి 35–24తో గెలిచారు. అక్కడి నుంచి వరుసగా 11 గెలుపులు. అయినా జనవరిలో నాకౌట్ దశలో సొంతగడ్డ మీద బాల్టిమోర్ చేతిలో ఓడి ఇంటిదారి పట్టారు. మరుసటి ఏడాది సూపర్ బౌల్‌లో సియాటిల్ 43–8తో చిత్తు చేసింది.

అపోహ: 2012లో ఎంవీపీ కూడా అతనే.

వాస్తవం: మానింగ్‌కు వచ్చింది ‘కమ్‌బ్యాక్ ప్లేయర్’ అవార్డు. ఎంవీపీ మిన్నెసోటా ఆటగాడు ఏడ్రియన్ పీటర్సన్. అతనూ మోకాలి ఆపరేషన్ తర్వాత తిరిగొచ్చినవాడే.

అపోహ: చివరి సూపర్ బౌల్‌ను ఒంటిచేత్తో గెలిపించాడు.

వాస్తవం: 2015 అతని కెరీర్‌లోని బలహీనమైన సీజన్లలో ఒకటి. 9 టచ్‌డౌన్ పాసులిస్తే, 17 పాసులు ప్రత్యర్థుల చేతికి చిక్కాయి. నవంబరులో కాన్సస్ సిటీపై కెరీర్ మొత్తం గజాల్లో బ్రెట్ ఫావ్ రికార్డు దాటిన రోజే, 20 పాసుల్లో ఐదే పూర్తిచేసి, నాలుగు చేజార్చుకుని బెంచీకెక్కాడు. పాదం గాయం కూడా తోడై, ఏడు మ్యాచ్‌లు అతని బదులు బ్రాక్ ఆస్వైలర్ మొదలుపెట్టాడు. 2016 ఫిబ్రవరి 7న కరోలినాపై 24–10తో గెలిచిన ఫైనల్లో మానింగ్ విసిరింది 141 గజాలే. బ్రాంకోస్ డిఫెన్స్ ఆటగాడు వాన్ మిల్లర్ రెండుసార్లు కరోలినా క్వార్టర్‌బ్యాక్ కామ్ న్యూటన్ చేతిలోంచి బంతి ఊడగొట్టాడు, రెండింటి ఫలితమూ టచ్‌డౌనే. మ్యాచ్ ఎంవీపీ కూడా మిల్లరే.

రెండు వేర్వేరు జట్లకు సూపర్ బౌల్ గెలిచిన తొలి స్టార్టింగ్ క్వార్టర్‌బ్యాక్ మాత్రం మానింగే. 2013లో జట్టును తాను మోశాడు, 2015లో జట్టు తనను మోసింది. మొదటిదొక్కటే చెప్పి రెండోది మింగేస్తే, మిగతా జట్టు పాత్ర కథలోంచి ఎగిరిపోతుంది.