నిట్టనిలువు గెంతుకు బల శిక్షణ

నిట్టనిలువు గెంతు అనగా పరుగు తీయకుండ, నిలుచున్న చోటినుండి నేరుగా పైకి ఎగురుట. బాస్కెట్‌బాల్, వాలీబాల్ ఆటలలో ఇది ముఖ్యమైన నైపుణ్యము. 1891లో అమెరికాలోని స్ప్రింగ్‌ఫీల్డ్‌లో జేమ్స్ నైస్మిత్ బాస్కెట్‌బాల్‌ను రూపొందించినపుడు బుట్టను 10 అడుగుల (3.05 మీటర్లు) ఎత్తున కట్టించెను. ఆ ఎత్తు నేటికిని మారలేదు. ఆటగాని పొడవును శిక్షణతో పెంచలేము గాని, గెంతును కొంత పెంచవచ్చును. అనంతపురం వంటి కరవు ప్రాంతములో ఇనుప పరికరములు లేకనే ఈ శిక్షణ సాధ్యము. అయితే అక్కడి నేల, ఎండ, నీరు కొన్ని ప్రత్యేక జాగ్రత్తలను కోరును.

కొలిచే విధానము

అమెరికా వ్యాయామ విద్యావేత్త డడ్లీ సార్జెంట్ 1921లో ప్రతిపాదించిన పరీక్ష ఆయన పేరుతోనే ప్రసిద్ధమైనది. నేడు దీనిని చేయు సులభ పద్ధతి ఇది: గోడ ప్రక్కన నిలిచి, చేయి పైకి చాచి, సుద్దపొడి అద్దిన వ్రేలితో ఒక గుర్తు పెట్టవలెను, ఎగిరి మరియొక గుర్తు పెట్టవలెను. రెంటి నడిమి దూరమే గెంతు. నిలబడి 2.30 మీటర్లు అందుకొను విద్యార్థి రింగును తాకవలెనన్న 75 సెంటీమీటర్లు ఎగురవలెను. ఇది చాలమందికి సాధ్యము కాదు. కాని రీబౌండ్ అందుకొనుటలో నాలుగు సెంటీమీటర్ల తేడాయైనను పనికివచ్చును.

సూత్రము

నేలను వీడు క్షణమున శరీరమునకు గల వేగమే గెంతు ఎత్తును నిర్ణయించును. 50 సెంటీమీటర్లు ఎగురుటకు సెకనుకు సుమారు 3.1 మీటర్ల వేగము, 70 సెంటీమీటర్లకు 3.7 మీటర్ల వేగము కావలెను. నేలను నెట్టుటకు దొరకు సమయము సెకనులో సుమారు మూడవ వంతు మాత్రమే. కనుక కండబలము ఒక్కటే చాలదు, ఆ బలము త్వరగా వెలువడవలెను. ఎగురుటకు ముందు మోకాళ్ళను చటుక్కున వంచినపుడు కండరములు, స్నాయువులు సాగి రబ్బరువలె తిరిగి ముడుచుకొనును. 1960 దశకములో సోవియట్ శిక్షకుడు యూరీ వెర్ఖోషాన్‌స్కీ ఈ గుణముపై ఆధారపడి, ఎత్తునుండి దిగి వెంటనే ఎగురు వ్యాయామములను అభివృద్ధి చేసెను. తరువాత ఇట్టి వ్యాయామములకు ప్లయోమెట్రిక్స్ అను పేరు స్థిరపడెను.

శిక్షణ

మొదట బలము, తరువాత వేగము అనునది క్రమము. మన తాలింఖానాలలో తీయు బస్కీలే ఇందుకు పునాది. (బడిలో శిక్షగా తీయించు గుంజీళ్ళను పిల్లలు ఇచ్చటనైనను ఇష్టముతో తీయుదురని ఆశించవచ్చును!) శరీరభారముతో తేలికగా చేయగలిగిన పిదప, ఇసుక నింపిన గోనెసంచిని భుజములపై ఉంచుకొని చేయవలెను. అరుగుపైకి ఒక్కొక్క కాలితో ఎక్కుట, వీపు వంగకుండ సంచిని నేలనుండి ఎత్తుట, పిక్కల కొరకు మడమలు లేపుట కూడ ఉపయోగకరములు. వారమునకు రెండు లేక మూడు దినములు చాలును. నడుమ విశ్రాంతి తప్పనిసరి.

కొన్ని వారముల పిదపనే గెంతులు ప్రారంభించవలెను. అంతకంటె ముందు నేలపై చప్పుడు కాకుండ, మోకాళ్ళు లోపలికి వాలకుండ దిగుట నేర్వవలెను. ఎగురుటకంటె దిగుటలోనే మోకాళ్ళు ఎక్కువగా దెబ్బతినును. నెల రోజులలో అడుగు ఎత్తు పెంచెదమను ప్రకటనలను నమ్మరాదు. పరిశోధనలలో కనబడిన సగటు వృద్ధి సుమారు 5 నుండి 10 శాతము; అనగా 45 సెంటీమీటర్లు ఎగురువానికి రెండు మొదలు నాలుగున్నర సెంటీమీటర్లు.

అనంతపురం ప్రాంతములో

2010లో నాదల్ టెన్నిస్ పాఠశాల ఆరంభమైన ఊరు అనంతపురము. అయినను పల్లెబడులలో పలుచోట్ల మట్టి మైదానమే గతి. సాలుకు సుమారు 550 మిల్లీమీటర్ల వాన మాత్రమే కురియు ఈ సీమలో ఎర్రనేల ఎండి రాతివలె బిగియును. అట్టి నేలపై పదేపదే దుముకుట మోకాలిచిప్ప క్రింది స్నాయువునకు హాని. పెన్నా, చిత్రావతి నదులు ఏటిలో ఎక్కువకాలము ఎండియే యుండును గనుక, ఆ ఇసుక తొలిదశ గెంతులకు మంచి వేదిక. ఇసుక తాకిడిని తగ్గించును, కాని పాదమునకు తిరుగు ఊపు నీయదు. పోటీలకు ముందు గట్టినేలపై కొంత సాధన అవసరము.

వేసవిలో ఉష్ణోగ్రత 40 డిగ్రీలు దాటును కావున తెల్లవారుజామునే సాధన ముగించవలెను. ఆహారము విషయమున ఈ జిల్లా పంటయే అక్కరకు వచ్చును: 100 గ్రాముల వేరుశనగ గింజలలో సుమారు 25 గ్రాముల మాంసకృత్తులు కలవు, రాగులలో కాల్షియము సమృద్ధి. కొన్ని గ్రామముల భూగర్భజలములో ఫ్లోరైడు మితిమీరి యుండును. ఫ్లోరోసిస్ వలన కీళ్ళు బిగిసిన పిల్లలు వైద్యుని చూపించుకొనకుండ గెంతు వ్యాయామములు చేయరాదు.