రెండు ప్యాకెట్లు – ఒకే గింజ



కొంతకాలము క్రిందట ఒక ఆదివారము ఆరాధన ముగిసిన తరువాత మా సంఘపు సహోదరి ఒకామె చేతిసంచిలో రెండు రాజ్మా ప్యాకెట్లు పెట్టుకొని మా ఇంటికి వచ్చింది. ఆమె భర్త మణుగూరు బొగ్గుగనిలో చాలాకాలము పనిచేసి రిటైరయిన పెద్దాయన. షుగరు వ్యాధి వచ్చి కొన్నేళ్ళయింది. అన్నము తగ్గించి పప్పులు, గింజలు, ఆకుకూరలు ఎక్కువగా తినమని డాక్టరుగారు చెప్పారట. ఆ మాట విని ఆమె రాజ్మా కొన్నది. ఒక ప్యాకెట్టు మణుగూరు బజారులో, రెండవది మా వీధి చివర కొత్తగా పెట్టిన కిరాణాకొట్టులో.

"అయ్యగారూ, రెండూ రాజ్మాయే. గింజలో తేడా కనబడదు. దీనిమీద వంద గ్రాములకు 346 కేలరీలు, పీచు 4.8 గ్రాములు అని ఉంది. దానిమీద 299 కేలరీలు, పీచు 16.6 గ్రాములు అని ఉంది. మా ఇంటాయనేమో మొదటిది చూసి, 'బియ్యానికీ 345 కేలరీలే అంట, ఇక ఈ గింజలెందుకు, అన్నమే పెట్టు' అంటున్నాడు. వీటిలో ఏది నిజమండీ?"

మేము రెండు ప్యాకెట్లను త్రిప్పి చూశాము. ఒకే గింజలో పీచు మూడింతలకు పైగా ఎలా పెరుగుతుంది? సంచిలో రెండు రకముల తూనికరాళ్ళు ఉంచుకొనకూడదని ద్వితీయోపదేశకాండము 25వ అధ్యాయములో ఉన్న ఆజ్ఞ మాకు వెంటనే గుర్తుకు వచ్చింది. "గొప్పలు చెప్పుకొనే ప్యాకెట్టే అబద్ధమమ్మా. ఇక ఆ కొట్టులో కొనవద్దు" అన్నాము. ఆమె మా మాట నమ్మింది. మరునాడు నలుగురి ఎదుట ఆ కొట్టు యువకుణ్ణి నిలదీసింది. "నేను అచ్చు వేయించలేదు పెద్దమ్మా, ప్యాకెట్టు ఎలా వచ్చిందో అలాగే అమ్ముతున్నాను" అని అతడు బ్రతిమాలుకున్నాడట. అయినా మా సంఘములో రెండు మూడు కుటుంబాలవారు ఆ కొట్టు మెట్లెక్కడము మానేశారు.

అది మా పొరపాటని తెలియడానికి నెలరోజులు పట్టింది. హైదరాబాదులో హోమ్ సైన్సు చదువుతున్న మా సంఘపు అమ్మాయి సెలవులకు వచ్చినప్పుడు ఈ సంగతి చెప్పాము. ఆమె తన పుస్తకాలలోనుండి రెండింటిని తీసి మా బల్లమీద ప్రక్కప్రక్కన పెట్టింది. రెండూ హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థవే. చూస్తే మొదటి ప్యాకెట్టు అంకెలు ఒక పుస్తకములో, రెండవదాని అంకెలు మరొక పుస్తకములో అలాగే ఉన్నాయి!

పాత పుస్తకము, కొత్త పుస్తకము

ఈ సంస్థ కథ 1918లో తమిళనాడులోని కూనూరులో రాబర్ట్ మెక్‌కారిసన్ అనే వైద్యుని చిన్న పరిశోధన విభాగముతో మొదలయింది. 1958లో హైదరాబాదుకు వచ్చింది. 1969లో దానికి జాతీయ పోషకాహార సంస్థ అని పేరు పెట్టారు. డాక్టరు సి. గోపాలన్, ఆయన సహచరులు 1971లో ప్రచురించిన ఆహార విలువల పుస్తకము ఎన్నో ఏళ్ళు దేశమంతటా ఆసుపత్రులకు, కళాశాలలకు ఆధారముగా ఉన్నది. తరువాత 2017లో డాక్టరు టి. లాంగ్వా, ఆయన సహచరులు దేశమంతటి నుండి 528 ఆహారపదార్థాల నమూనాలు తెప్పించి, కొత్త పద్ధతులతో పరీక్షించి కొత్త పట్టికలు వెలువరించారు.

పాత పుస్తకములో రాజ్మాకు పీచు 4.8, కొత్తదానిలో సుమారు 16.6. నడుమ మారినది పీచును కొలిచే పద్ధతి.

పాత పద్ధతి 1860ల నాటిది. జర్మనీలో పశువుల మేతను పరీక్షించడానికి దానిని ఏర్పరచారు. పదార్థాన్ని ముందు ఆమ్లములో, తరువాత క్షారములో మరిగించి, చివరకు మిగిలిన పిప్పిని తూకము వేసేవారు. మన కడుపులో ఇంత కఠినమైన మరిగింపు జరగదు. మనకు అరగని పీచులో చాలా భాగము ఆ మరుగులో కరిగిపోయి లెక్కకు రాకుండా పోయేది. ఇప్పుడు మన జీర్ణరసాలలో ఉండేవాటి వంటి ఎంజైములతో పిండిని, మాంసకృత్తులను అరిగించి, అరగక మిగిలినదానిని పీచుగా లెక్కిస్తారు.

ఈ మార్పు వెనుక ఆఫ్రికాలో సేవచేసిన ఇద్దరు వైద్యుల కృషి ఉంది. డెనిస్ బర్కిట్ ఉగాండాలో సర్జనుగా పనిచేసిన క్రైస్తవ విశ్వాసి. హ్యూ ట్రోవెల్ కూడ ఉగాండాలో వైద్యుడే. తరువాత ఇంగ్లాండులో ఆంగ్లికన్ గురువుగా అభిషేకము పొందాడు. ముడిధాన్యాలు, గింజలు, దుంపలు తినే ఆఫ్రికా పల్లెవాసులలో మలబద్ధకము, పెద్దప్రేగు జబ్బులు తక్కువగా ఉండడము వారు గమనించారు. మనిషి జీర్ణరసాలకు అరగని మొక్కల భాగమే ఆహారపు పీచు అని ట్రోవెల్ 1972లో నిర్వచనము చెప్పాడు. అంతవరకు చాలామంది పీచును పనికిరాని పొట్టుగానే చూసేవారు.

పన్నెండు గ్రాములు ఎక్కడికి పోయాయి?

ఆ అమ్మాయి కాగితము తీసుకొని మా చేతనే లెక్క వేయించింది. మీరును వేసి చూడండి.

పాత పుస్తకములో వంద గ్రాముల రాజ్మాకు పిండిపదార్థము 60.6, పీచు 4.8. రెండూ కలిపితే 65.4 గ్రాములు. కొత్తదానిలో పిండిపదార్థము 48.6, పీచు 16.6. కలిపితే 65.2. మొత్తము ఇంచుమించు ఒకటే! పాత లెక్కలో పన్నెండు గ్రాముల పీచు పిండిపదార్థము గదిలో కూర్చున్నది. కొత్త లెక్క దానిని తన గదికి పంపింది. శనగలను చూసినా అంతే. పాత పుస్తకములో 60.9, 3.9 కలిపి 64.8. కొత్తదానిలో 39.6, 25.2 కలిపినా 64.8.

కేలరీల తేడా కూడ ఇక్కడనుండే వచ్చింది. పిండిపదార్థము గ్రాముకు 4 కేలరీలు, మాంసకృత్తులు 4, కొవ్వు 9 అని లెక్క కడతారు. పిండిగా లెక్కించిన ఆ పన్నెండు గ్రాములను నాలుగుతో హెచ్చిస్తే 48. 346లో నుండి 48 తీసివేస్తే 298. కొత్త అంకె 299! ఆ కాగితము చూచి మేము చాలాసేపు మాట్లాడలేకపోయాము. రెండు ప్యాకెట్లలో ఏదీ దొంగలెక్క కాదు. ఒకటి పాత కొలతతో, ఇంకొకటి కొత్త కొలతతో వేసిన లెక్కలు. తొందరపడి తీర్పు తీర్చినది మేమే.

పీచుకు కేలరీలు అసలే లేవా అని మీరడగవచ్చు. కొంచెము ఉన్నాయి. మనకు అరగని పీచులో కొంత భాగాన్ని పెద్దప్రేగులోని సూక్ష్మజీవులు పులియబెట్టుకొని తింటాయి. అందులోనుండి మనకు కొంత శక్తి అందుతుంది. ఐక్యరాజ్యసమితి ఆహార, వ్యవసాయ సంస్థ 2003లో పీచుకు గ్రాముకు సుమారు 2 కేలరీలు లెక్కించవచ్చునని చెప్పింది. అలా కలిపినవారి ప్యాకెట్టుమీద రాజ్మాకు 320 దరిదాపులో అంకె కనబడుతుంది. కాబట్టి 299, 320, 346 అని మూడు ప్యాకెట్లమీద మూడు అంకెలున్నా కంగారు పడనక్కరలేదు.

బియ్యము, రాజ్మా ఒకటేనా?

ఆ పెద్దాయన ప్రశ్న మిగిలింది. పాత పుస్తకములో బియ్యము 345, రాజ్మా 346. కేలరీలొక్కటే చూస్తే రెండూ సమానమే. కొత్త పట్టికలో పాలిష్ బియ్యానికి 356 కేలరీలు, పీచు 2.8, మాంసకృత్తులు సుమారు 8 గ్రాములు. రాజ్మాకు 299 కేలరీలు, పీచు 16.6, మాంసకృత్తులు సుమారు 20 గ్రాములు. పీచుతో కూడిన పిండి నెమ్మదిగా అరుగుతుంది. అందువలన రక్తములో చక్కెర ఒక్కసారిగా పైకి లేవదు. డాక్టరుగారు అన్నము తగ్గించి గింజలు తినమన్నది అందుకే. అయితే అన్నము తగ్గించకుండా దానిపైన రాజ్మా కూడ తింటే కేలరీలు పెరగడమే తప్ప ప్రయోజనముండదు.

ఇంటి లెక్కకు వస్తే, ఒక మనిషికి 30 గ్రాముల ఎండు రాజ్మా వండితే సుమారు 90 కేలరీలు, 5 గ్రాముల పీచు వస్తాయి. పెద్దలకు రోజుకు కనీసము 25 గ్రాముల పీచు ఉండాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023లో సూచించింది. రోజుకు 2000 కేలరీలు తినేవారి భోజనములో పప్పుధాన్యాలు 85 గ్రాములు ఉండాలని మన పోషకాహార సంస్థ 2024లో సలహా ఇచ్చింది. నీళ్ళచారులో నాలుగు పప్పుబద్దలు తేలితే ఆ లెక్క తీరదు గదా!

రాజ్మా కొనలేనివారు బాధపడనక్కరలేదు. మన చేలలో పండే కందులు, శనగలు, పెసలు చాలు. కొత్త పట్టిక ప్రకారము పొట్టుతో ఉన్న కందులలో పీచు వంద గ్రాములకు 22.8, పొట్టుతీసిన కందిపప్పులో 9.1. పెసలలో 17, పెసరపప్పులో 9.4. శనగలలో 25.2, శనగపప్పులో 15.2. మరలో పోయిన పొట్టుతోనే పీచులో పెద్దవాటా పోతుందన్నమాట. మన గూడేలలో అవ్వలు కందులను పొట్టుతోనే ఉడికించి గుగ్గిళ్ళు చేసి పెట్టేవారు. వారు ఏ పట్టికా చూడలేదు. దానియేలును, అతని స్నేహితులును రాజు పంపిన భోజనము విడిచి శాకధాన్యాదులు కోరుకున్న సంగతి మనము సండేస్కూలులో నేర్చుకున్నాము. పిల్లలకు ఆ కథ చెప్పే రోజున గుగ్గిళ్ళు కూడ పెట్టండి.

ప్యాకెట్టు చేతికి తీసుకున్నప్పుడు

మొదట, అంకె ఎంతకు ఇచ్చారో చూడండి. వంద గ్రాములకా, ఒక వడ్డనకా? ఒక ప్యాకెట్టు వందకు, ఇంకొకటి ముప్పైకి చెబితే పోల్చకూడదు. రెండింటినీ వందకు మార్చుకొని చూడాలి.

రెండవది, ఎండు గింజకా, ఉడికినదానికా? అమెరికా ప్రభుత్వ పట్టికలో ఎండు రాజ్మాకు 333 కేలరీలు, ఉడికినదానికి 127. ఉడికేటప్పుడు గింజ నీరు త్రాగి రెండున్నర రెట్లు బరువెక్కుతుంది. కేలరీలు ఎక్కడికీ పోలేదు, నీరు చేరింది.

మూడవది, పిండిపదార్థములో పీచు కలిసి ఉన్నదా, వేరుగా ఉన్నదా? అమెరికాలో ఉన్న పిల్లలు తెచ్చే డబ్బాలమీద మొత్తము పిండిపదార్థములోనే పీచు కలిసి ఉంటుంది. ఐరోపా డబ్బాలమీద వేరుగా ఉంటుంది.

నాలుగవది, పీచు అంకె లేకపోతే పీచు లేదనుకోవద్దు. మన దేశపు 2020 నాటి లేబులు నిబంధనలలో కేలరీలు, మాంసకృత్తులు, పిండిపదార్థము, చక్కెర, కొవ్వు, సోడియము తప్పనిసరి. పీచు ఆ జాబితాలో లేదు. పట్టిక బొత్తిగా లేని ముడిగింజల ప్యాకెట్లు కూడ ఉంటాయి.

అయిదవది, "హై ఫైబర్" అన్న పెద్ద అక్షరాలకు మురిసిపోవద్దు. వంద గ్రాములకు 6 గ్రాముల పీచు ఉంటే ఆ మాట వేసుకోవడానికి 2018 నాటి నిబంధనలు అనుమతిస్తున్నాయి. ఆ మాట వేసుకున్న బిస్కెట్టులో మైదా, చక్కెర, నూనె ఎంత ఉన్నాయో కూడ చదవండి. గోనెసంచిలో పేరు లేకుండా కూర్చున్న శనగలలో దానికి నాలుగింతల పీచుంది.

ఒక మాట హెచ్చరికగా. రాజ్మాను రాత్రంతా నానబెట్టి, ఆ నీరు పారబోసి, కొత్త నీటిలో తెర్లుతూ కనీసము అరగంట బాగా ఉడికించాలి. సరిగా ఉడకని రాజ్మా వాంతులు, విరేచనాలు తెప్పిస్తుంది. అలవాటు లేనివారు కొద్దికొద్దిగా మొదలుపెట్టి, నీరు ఎక్కువగా త్రాగాలి. మూత్రపిండాల జబ్బు ఉన్నవారు, షుగరుకు మాత్రలో, ఇన్సులినో వాడేవారు తిండి మార్చేముందు తమ డాక్టరును అడగాలి.

లెక్క తేలిన సాయంత్రమే మేము ఆ సహోదరిని వెంటబెట్టుకొని వీధి చివరి కొట్టుకు వెళ్ళాము. అక్కడ నలుగురు ఉన్నారు. ఉండడమే మంచిదనిపించింది. నలుగురి ఎదుట పోయిన మాటను నలుగురి ఎదుటనే తిరిగి ఇవ్వాలి. "బాబూ, నీ ప్యాకెట్టు సరైనదే. మేము తెలియక తప్పుపట్టాము, క్షమించు" అన్నాము. అతడు తలవంచుకొని, "అయ్యగారూ, మీరు రావడమే చాలు" అన్నాడు. ఆమె అక్కడే అరకిలో శనగలు, ఒక రాజ్మా ప్యాకెట్టు కొన్నది. మరుసటి ఆదివారము పీఠము మీదనుండి కూడ ఆ సంగతి సంఘమునకు తెలియజేశాము.

పెద్దాయన ఇప్పుడు మధ్యాహ్నము ఒక గరిటె అన్నము తగ్గించి, ఆ చోట గింజల కూర వేయించుకుంటున్నారు. "రుచి అలవాటవుతోందండీ" అని మొన్న నవ్వుతూ చెప్పారు.