గోండీ గొంతు వినాలంటే ఏ దారి? ఓపెన్ సోర్స్ బృందాలకు ఛత్తీస్‌గఢ్ అనుభవం చెబుతున్నదేంటి?

ఓపెన్ సోర్స్ సాఫ్ట్‌వేర్‌ను ఎవరైనా వాడుకోవచ్చు, మార్చుకోవచ్చు, తయారీలో పాలుపంచుకోవచ్చు. సూత్రం ఇదే. కానీ దాని గురించిన చర్చ అంతా ఇంగ్లిష్‌లో, ల్యాప్‌టాప్ ఉన్నవాళ్లకే అందే చోట జరిగితే ‘ఎవరైనా’ అన్న మాటకు అర్థం ఉండదు. అందుకే బృంద సభ్యులు ఎక్కడ మాట్లాడుకోవాలన్నది చిన్న విషయం కాదు. ఛత్తీస్‌గఢ్‌లో గోండీ భాష కోసం జరిగిన పని దీనికి మంచి ఉదాహరణ.

గోండీ ద్రావిడ భాష, తెలుగుకు దగ్గరి బంధువు. 2011 జనాభా లెక్కల ప్రకారం దాదాపు 29.8 లక్షల మంది దీన్ని మాతృభాషగా నమోదు చేసుకున్నారు. వీరు ఛత్తీస్‌గఢ్, మధ్యప్రదేశ్, మహారాష్ట్ర, తెలంగాణ తదితర రాష్ట్రాల్లో ఉన్నారు. బస్తర్‌లో గోండీని దేవనాగరిలో రాస్తే, ఆదిలాబాద్‌లో తెలుగు లిపిలో రాస్తారు. సొంత లిపుల్లో మసరాం గోండీకి 2017లో, గుంజాల గోండీకి 2018లో యూనికోడ్‌లో చోటు దక్కింది. దీంతో రాత మీద నడిచే వేదిక ఏది ఎంచుకున్నా కొందరు బయటే ఉండిపోతారు. యాసలు వేరైనా, లిపి అడ్డు లేనిది మాటకే.

మిస్డ్ కాల్ ఇస్తే చాలు

బీబీసీ మాజీ పాత్రికేయుడు శుభ్రాంశు చౌధరి 2010లో ప్రారంభించిన ‘సీజీనెట్ స్వర’ ఈ మాటనే నమ్ముకుంది. అంతకుముందు సీజీనెట్ చర్చలు యాహూ గ్రూపులో సాగేవి. అవి ఇంటర్నెట్ ఉన్నవాళ్లకే అందేవి. స్వరకు మామూలు ఫోన్ చాలు. మిస్డ్ కాల్ ఇస్తే సర్వర్ తిరిగి ఫోన్ చేస్తుంది కాబట్టి చేసినవాళ్లకు ఖర్చుండదు. ఒక అంకె నొక్కితే తమ మాట రికార్డు చేయొచ్చు, మరో అంకె నొక్కితే ఇతరులు చెప్పింది వినొచ్చు. మోడరేటర్లు విని, సరిచూశాకే విడుదల చేస్తారు. దీని వెనక ఉన్నది ఆస్టరిస్క్ అనే ఓపెన్ సోర్స్ టెలిఫోన్ సాఫ్ట్‌వేర్.

అయితే గొంతుకూ పరిమితులున్నాయి. వందల రికార్డింగుల్లో కావాల్సిన మాట వెతకడం కష్టం. ఒక పదానికి ఏ రూపం ఖాయం చేశారో ఏడాది తర్వాత తెలియాలంటే అది రాతలో ఉండాల్సిందే.

ఏ పనికి ఆ దారి

మైక్రోసాఫ్ట్ రీసెర్చ్ ఇండియా, నయా రాయ్‌పూర్‌లోని ట్రిపుల్ ఐటీ, సీజీనెట్ స్వర తదితరులు కలిసి గోండీ సమాచారం సేకరించినప్పుడు ఒకే వేదికను పట్టుకుని కూర్చోలేదు. నిఘంటువు, పిల్లల కథలు, మొబైల్ యాప్, ఫోన్ వాయిస్ వ్యవస్థ అనే నాలుగు దారుల్లో వెళ్లారు. 2020లో వెలువడిన పరిశోధన పత్రం ప్రకారం 12 వేలకు కాస్త తక్కువగా అనువాద పదాలు, వాక్యాలు వచ్చాయి. భవిష్యత్తులో అనువాదానికి సాయం అడగదగినవారు 650 మందికి పైగా ఉన్నట్టు తేలింది. యంత్రానువాదానికి 12 వేలు చాలా తక్కువ. కానీ సాయం చేయగల 650 మందిని గుర్తించడం ఏ బృందానికైనా పెద్ద ఆస్తే.

వేదిక మూతపడితే?

పెద్ద బృందాలకూ ఈ తలనొప్పి తప్పలేదు. లినక్స్ కెర్నల్ బృందం ఇప్పటికీ ప్రధానంగా ఈమెయిల్ మీదే నడుస్తుంది. మొజిల్లా 2020లో తన పాత ఐఆర్‌సీ చాట్‌ను వదిలి మ్యాట్రిక్స్‌కు మారింది. 2021లో ఫ్రీనోడ్ చాట్ నెట్‌వర్క్ యాజమాన్యంపై వివాదం రేగడంతో వికీమీడియా సహా అనేక ప్రాజెక్టులు లిబెరా చాట్‌కు తరలిపోయాయి. యాహూ గ్రూప్స్ 2020 డిసెంబరులో పూర్తిగా మూతపడింది. ఏళ్ల తరబడి అక్కడ చర్చించుకున్నవాళ్లలో ముందే కాపీ చేసుకున్నవారికే పాత సంభాషణలు దక్కాయి.

ఎంచుకునే ముందు మూడు ప్రశ్నలు

ఈ అనుభవాల నుంచి ఏ కొత్త బృందమైనా వేసుకోవాల్సిన ప్రశ్నలు మూడు. ఈ వేదిక వల్ల ఎవరు బయట ఉండిపోతున్నారు? ఆరు నెలల తర్వాత చేరినవాళ్లకు పాత నిర్ణయాలు దొరుకుతాయా? కంపెనీ మూసేస్తే మన చర్చను మనం తీసుకెళ్లగలమా?

వాట్సాప్ మొదటి ప్రశ్నకు కొంతవరకు జవాబిస్తుంది. స్మార్ట్‌ఫోన్ ఉన్న ప్రతి ఒక్కరికీ అది తెలుసు. కానీ అక్కడ గ్రూపులో చేరితే ఫోన్ నంబర్ అందరికీ తెలిసిపోవచ్చు. నిన్నటి నిర్ణయం నేటి శుభోదయాల కింద పడిపోతుంది. అందుకని రోజువారీ మాటలకు వాట్సాప్ లేదా టెలిగ్రామ్, నిర్ణయాలకు అందరూ వెతుక్కోగల బహిరంగ పుట, రాయలేనివారికి గొంతు దారి ఉంచుకోవడం ఆచరణకు అనువైన పద్ధతి. అయితే ఒకచోట మాట్లాడింది మరోచోటికి చేరవేసే బాధ్యత ఎవరో ఒకరికి పేరు పెట్టి అప్పగించాలి. దానికి సమయం, వీలైతే జీతం కూడా కేటాయించాలి. బృందాలు ఎక్కువగా మరిచిపోయేది దీన్నే.

యునెస్కో గోండీని ముప్పు అంచున ఉన్న భాషల్లో చేర్చింది. దానికి కీబోర్డు, అనువాద యంత్రం, మాటను రాతగా మార్చే సాఫ్ట్‌వేర్ రావాలంటే ఆ భాష మాట్లాడేవాళ్లే తప్పొప్పులు చెప్పాలి. వాళ్లలో ఎక్కువమంది ప్రోగ్రామర్ల చర్చా వేదికలకు రారు. వాళ్లు ఉన్న చోటికి వేదికే వెళ్లాలి.