పలాస కిడ్నీ ఆస్పత్రి: మిషన్లు ఒక్కటే సరిపోవు

కిడ్నీలు పూర్తిగా పాడైన పేషెంట్‌కు సాధారణంగా వారానికి మూడుసార్లు డయాలసిస్ చేయాలి. ఒక్కోసారి నాలుగు గంటలు. అంటే ఏడాదికి 156 సార్లు ఆస్పత్రికి వెళ్లి రావాలి. శ్రీకాకుళం జిల్లా ఉద్దానం నుంచి విశాఖ దాదాపు 200 కిలోమీటర్లు. డయాలసిస్ ఫ్రీ అయినా బస్సు ఛార్జీలు, తోడు వచ్చే మనిషి కూలి ఎవరిస్తారు?

అందుకే 2023 డిసెంబర్ 14న పలాసలో ప్రారంభమైన 200 పడకల కిడ్నీ ఆస్పత్రి ఆ ఊళ్లకు పెద్ద విషయం. దాంతోపాటు రీసెర్చ్ సెంటర్ కూడా పెట్టారు. ఎందుకంటే అక్కడ షుగర్, బీపీ లేని రైతులు, కూలీలకూ కిడ్నీలు పాడవుతున్నాయి. అసలు కారణం ఇంకా తేలలేదు.

అయితే మిషన్లు నడిపినంత మాత్రాన వైద్యం అయిపోదు, నెఫ్రాలజిస్ట్ ఉండాలి. డయాలసిస్ కోసం చేతిలో రక్తనాళాలను కలిపే ఫిస్టులా ఆపరేషన్ ముందుగానే చేయాలి. అది వాడకానికి రావడానికి వారాలు, ఒక్కోసారి నెలలు పడుతుంది. ఆలస్యమైతే మెడ దగ్గర పైపు వేస్తారు, దాంతో ఇన్ఫెక్షన్ భయం ఎక్కువ.

మొదట్లో ఈ జబ్బు బయటికి కనబడదు. ఇంట్లో ఎవరికైనా ఉంటే మిగతావాళ్లు ఏడాదికోసారి క్రియాటినిన్, యూరిన్ టెస్టులు చేయించుకోవాలి. రిపోర్టు తేడాగా వస్తే మెడికల్ షాపులో నొప్పి గోళీలు కొనడం మానేసి, డాక్టర్ దగ్గరికి వెళ్లండి.